అడ్డగీత

ముప్పై ఆరు బస్తాల తేజ మిర్చి డీసీఎంల ఏసుకొని
మంగపేట కాడికెల్లి ఎనుమాముల యార్డుకు చేరేసరికి
గేటుకు చీటీ అంటించి ఉంది.
హమాలీల సమ్మె. రెండు దినాలు కాంటాలు బంద్.

మొగోళ్లు బస్తాల మీదనే పండుకుంటరు.
తలకింద తువ్వాల, తువ్వాల కింద చెప్పులు,
మీద ఆకాశం, దానికి కిరాయి లేదు.
నేనూ ఓ ఏడు అట్లనే పండుకున్న.
తెల్లారేదాకా కన్ను మూయలే.
దొంగల భయానికి కాదు.

చెల్లె బిడ్డ నవత ఫోన్ల దేవులాడింది.
"పెద్దమ్మా, పోచమ్మ మైదాన్ దిక్కు ఒకటుంది,
పద్దెనిమిది వందల తొంబై తొమ్మిది...
ఆగాగు, అది కొట్టేసిన్రు.
కింద ఆరు వందల నలబై తొమ్మిది.
కొత్త కస్టమర్లకు ఇంకో నూటయాబై తక్కువ.
నువ్వు కొత్తే గదా!"

యాబై రెండేండ్లొచ్చినయ్.
నన్ను కొత్త అన్నోళ్లు ఈ మధ్య ఎవ్వలూ లేరు.

చూపెట్టింది. పెద్ద అంకె మీద సన్నటి అడ్డగీత,
బడిపంతులు తప్పు లెక్కను కొట్టేసినట్టు.
"ఆ పద్దెనిమిది వందలు ఎవలన్న ఇచ్చిన్రా ఎన్నడన్న?"
"ఎవ్వలియ్యరు పెద్దమ్మా. చూపెట్టేటందుకే."

చూపెట్టేటందుకే ఉండే ధర
నాకు తెలువనిదా?
యార్డుల పొద్దుగాల జెండా పాట లేస్తది.
ఎవనిదో ఒక్కని కుప్ప, అద్దం లెక్క మెరిసే కాయ,
దానికి పద్నాలుగు వేలని ఒర్లుతరు.
పేపర్లొస్తది. ఊరంత అదే ధర చెప్పుకుంటరు.
మా బస్తాల కాడికొచ్చేసరికి
ఖరీదుదారు కాయ ఇరుస్తడు, వాసన చూస్తడు,
తేమంటడు, తాలంటడు, చెయ్యి దులుపుకుంటడు.

లాడ్జి కౌంటరు కాడి పోరడు
నా ఆధార్ చూసి తల అడ్డంగ ఊపిండు.
"లోకల్ ఐడీకి రూమియ్యమమ్మా. వరంగల్ జిల్లా అనుంది."
"నాయినా, అది పాత కార్డు.
మా మండలం ములుగుల కలిసి ఎన్నేండ్లాయె.
పాసుబుక్కుకు పోతే ములుగు పో అంటరు,
పండుకుందామంటె వరంగల్ దానివంటవా?"
వాడు నవ్విండు. తుమ్మిండు. మళ్లోసారి తుమ్మిండు.
నా చీరెల ఘాటు వాని కండ్లల్లకు పోయింది.
తాళపుచెవి ఇచ్చిండు, జల్ది పో తల్లీ అన్నట్టు.

రెండో అంతస్తు. కిటికీ తెరిస్తె గోడ.
ఫోటోల ఉన్న పూలకుండి లేదు.
తలుపుకు లోపలికెల్లి గడె ఉంది.
దాన్ని పెట్టి, తీసి, మళ్ల పెట్టిన.
ఐదు వందలకు రూపాయి తక్కువ పెట్టి
నేను కొనుక్కున్నది గా గడెనే.
పొద్దుగాల లేచి చూస్తె
తెల్ల దిండు మీద నా చెంప అచ్చు, ఎర్రగ.
తడిబట్టతోని తుడిస్తె ఇంక పారింది.

రెండో రాత్రికి నేను పాతదాన్నయిన.
ఎనిమిది వందలు చూపెట్టింది ఫోను.
నవత మా మరిది నంబరు కొట్టి
నన్ను మళ్ల కొత్తదాన్ని చేసింది.

మూడోనాడు జెండా పాట పద్నాలుగు వేల రెండు వందలు.
నాకు తొమ్మిది వేల ఆరు వందలు పడ్డది.
తాలుకు ఐదు.
తక్‌పట్టీ రాసేటాయన ముంగట నిలవడి అన్న:
"అన్నా, ఈడ పైన జెండా ధర గుడ రాయి.
రాసి, అడ్డగీత కొట్టు.
కింద నా ధర రాయి.
ఫోనోళ్లు రాస్తలేరా
ఎంత తెగ్గోసిన్రో కండ్లకు కనవడేటట్టు?"
ఆయన కలం ఒక్క గడియ ఆగింది.
మళ్ల కమీషను, హమాలీ, దడవాయి
రాసుకుంట పోయింది.

ఆటో ఎక్కేటప్పుడు నవత ఫోను టింగుమన్నది.
ఇంకోసారి వస్తే ముప్పై శాతం తక్కువంట,
ఏడు దినాలే గడువంట.
"ఏడు దినాలకు ఎట్లొస్తం బిడ్డా,
రెండో ఏరుడుకు ఇంక ఇరవై రోజులుంది.
జర ఆగుమని చెప్పు."
"ఎవలికి చెప్పాలె పెద్దమ్మా?"
అన్నది నవత.